ఆఫీసుకు ఏ ఫైర్‌వాల్ కొనాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. టి. నగర్‌లో పానగల్ పార్కు దగ్గర మాది చిన్న ఆడిట్ ఆఫీసు. కంప్యూటర్లు పన్నెండు, టాలీ నడిచే సర్వర్ ఒకటి, ప్రింటర్లు రెండు, కెమెరాల డీవీఆర్ ఒకటి ఉన్నాయి. మా సిబ్బందిలో ఒక అమ్మాయి నెల్లూరు నుంచి, ఒక అబ్బాయి అంబత్తూరు నుంచి ఇంట్లోనే కూర్చుని పనిచేస్తారు. ఆఫీసుకు వచ్చే క్లయింట్లు వైఫై అడిగితే కాదనలేం. రిచీ స్ట్రీట్‌లో మాకు కంప్యూటర్లు అమ్మే ఆయన ఫైర్‌వాల్ పెట్టె, మూడేళ్ల లైసెన్సు కలిపి రూ.85,000 అని కొటేషన్ ఇచ్చాడు. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. అది దండగ ఖర్చు, ఉచితంగా దొరికేది పాత కంప్యూటర్‌లో వేసిస్తానంటున్నాడు. ఎవరి మాట వినమంటారు? మా రౌటర్ పేజీ ఫోటో, కొటేషన్ జత చేశాను.
— ఒక ఆడిటర్, టి. నగర్, చెన్నై

జవాబు: ఆడిటర్ గారూ, ఫోటో పంపి మంచి పని చేశారు. ఉత్తరంలో మీరు చెప్పనివన్నీ అందులో ఉన్నాయి. ఫైర్‌వాల్ అంటే ఇంటర్నెట్‌కూ ఆఫీసు నెట్‌వర్క్‌కూ మధ్య నిలబడి రాకపోకలను వడపోసే కాపలాదారు. కొటేషన్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు ఫోటోలోని నాలుగు వరుసలు చూద్దాం. మీరు పంపినది పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ. బయటి నుంచి ఎవరైనా ఫలానా నంబరుకు (ఆ నంబరునే పోర్టు అంటారు) వస్తే లోపల ఏ యంత్రానికి అప్పగించాలో రౌటర్‌కు చెప్పే జాబితా అది.

మొదటి వరుసలో 3389 సర్వర్‌కు వెళ్తోంది. అది విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు. నెల్లూరు అమ్మాయి టాలీ తెరుచుకోవడానికి ఎవరో ఇలా పెట్టి వెళ్లారు. ఇంటర్నెట్‌లో 3389 ఎక్కడెక్కడ తెరిచి ఉందో వెతుకుతూ రాత్రీ పగలూ ప్రోగ్రాములు తిరుగుతూనే ఉంటాయి. మీరు ఆడిటరో అప్పడాల వ్యాపారో వాటికి అనవసరం. నా మాట నమ్మక్కర్లేదు, ఈ రోజే సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్‌లో 4625 అన్న నంబరు వెతకండి. విఫలమైన లాగిన్‌లన్నీ ఆ నంబరు కిందే నమోదవుతాయి. అడ్మిన్, టెస్ట్, అకౌంట్స్, బ్యాకప్ అంటూ మీ ఆఫీసులో ఎవరికీ లేని పేర్లతో, మీరంతా నిద్రపోయే వేళల్లో, కొన్ని సెకన్లకు ఒకటి చొప్పున వరుసగా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ గట్టిదే కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. 2019 మే నెలలో ఈ రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్‌తో పని లేకుండానే లోపలికి రానిచ్చే లోపం అది. అప్పటికి అయిదేళ్ల కిందటే చేతులు దులుపుకున్న విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్, విడుదల చేసిందంటే దాని తీవ్రత ఎంతో ఊహించుకోండి.

రెండో వరుస 445. ఇది చూసి చేతిలోని కాఫీ కింద పెట్టాను. విండోస్‌లో ఫోల్డర్లు పంచుకునే పోర్టు ఇది. 2017 మే 12న మొదలై దేశదేశాల్లో కంప్యూటర్లను తాళం వేసి డబ్బులడిగిన వన్నాక్రై పాకింది ఈ పోర్టు మీదుగానే. దానికి ప్యాచ్ ఆ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు మునిగారు. 445ను ఇంటర్నెట్ వైపు తెరవడానికి ఏ ఆఫీసుకూ సరైన కారణం ఉండదు. ఈ పత్రిక పక్కన పెట్టి ఆ వరుస తీసేసి రండి, మిగతాది తరువాత చదువుకోవచ్చు.

మూడోది 8000, డీవీఆర్‌ది. ఫోన్‌లో కెమెరాలు చూసుకోవడానికి కెమెరాల మనిషి తెరిచి ఉంటాడు. 2016లో మిరాయ్ అన్న దుష్ట ప్రోగ్రాము సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లనూ కెమెరాలనూ చేజిక్కించుకుంది. దాని దగ్గర ఉన్నది ఫ్యాక్టరీలో పెట్టి పంపే పేర్లూ పాస్‌వర్డ్‌ల జాబితా, అరవై పైచిలుకు జతలు. అంతే, అంతకు మించి తెలివితేటలేమీ లేవు. ఆ అక్టోబరు 21న డిన్ అన్న డీఎన్‌ఎస్ సంస్థ (సైట్ల పేర్లను వాటి అడ్రసులుగా మార్చి చెప్పే సంస్థ) మీద వాటన్నిటినీ ఉసిగొల్పితే, ట్విట్టర్ లాంటి పెద్ద సైట్లు కూడా గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు.

నాలుగోది 9100, ప్రింటర్‌ది. ఎవరు తెరిచారో, ఎందుకు తెరిచారో మీ ఉత్తరంలో లేదు. 2018 చివర్లో ఒకడు ఇలా తెరిచి ఉన్న ప్రింటర్లను వెతికి పట్టుకుని, ఫలానా యూట్యూబ్ ఛానల్‌కు చందాదారులుగా చేరండి అని కరపత్రాలు అచ్చు వేయించాడు. 50 వేల ప్రింటర్లని తానే చెప్పుకున్నాడు. నవ్వొస్తుంది, నిజమే. కానీ క్లయింట్ల రిటర్నులు అచ్చయ్యే యంత్రంతో ముక్కూ మొహం తెలియనివాడు మాట్లాడగలగడం నవ్వుకునే సంగతి కాదు.

ఇప్పుడు కొటేషన్. ఈ నాలుగు వరుసలూ ఉండగా రూ.85,000 పెట్టె తగిలిస్తే ఏమవుతుందో చెబుతాను. బిగించడానికి వచ్చిన కుర్రవాడు పాత రౌటర్‌లోని నాలుగు వరుసలనూ యథాతథంగా కొత్త పెట్టెలోకి ఎక్కించి పోతాడు. వాడి తప్పు లేదు. ‘అన్నీ మునుపటిలాగే పనిచేయాలి బాబూ’ అని వాడికి చెప్పేది మీరే.

అందుకని ముందు అడగాల్సింది పెట్టె పేరు కాదు, ఇంటి నుంచి పనిచేసే ఆ ఇద్దరూ ఏ దారిన రావాలన్నది. దానికి జవాబు వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగానే ఇంటి నుంచి ఆఫీసులోకి వేసుకునే రహస్య సొరంగం. వీపీఎన్‌లలో నా ఓటు వైర్‌గార్డ్‌కు. సరైన తాళంచెవి లేనివాళ్లు పలకరిస్తే అది అసలు బదులే ఇవ్వదు, కాబట్టి వెతుక్కుంటూ వచ్చే ప్రోగ్రాముకు అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 నుంచి అది ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే భాగం. మీరు కొనబోయే పెట్టెలో వైర్‌గార్డ్ లేకపోతే ఐపీసెక్ అనే ఇంకో వీపీఎన్ పద్ధతి అయినా ఉంటుంది, అదీ మంచిదే. వీపీఎన్ ఉంటే కెమెరాలు కూడా దాని మీదుగానే చూసుకోవచ్చు, అప్పుడు నాలుగు వరుసలతోనూ పని ఉండదు. మీ స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రసు, మాత్రం వదులుకోకండి, వీపీఎన్‌కు అది సౌకర్యం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది బిగించాక గానీ గమనించరు. మీ ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1తో మొదలవుతోంది. నెల్లూరులో ఆ అమ్మాయి ఇంటి రౌటర్ కూడా దాదాపు ఖాయంగా అదే వరుస ఇస్తుంది. రెండు చోట్లా ఒకే అడ్రసులుంటే ఆమె ల్యాప్‌టాప్ సర్వర్‌ను తన ఇంట్లోనే వెతుకుతుంది, వీపీఎన్ కలిసినట్టే ఉంటుంది, టాలీ తెరుచుకోదు. మీరేమో ఫైర్‌వాల్ అమ్మినాయన మీద కేకలేస్తారు. ఎలాగూ కొత్తది పెడుతున్నారు గనుక అదే రోజు ఆఫీసు అడ్రసులను 10.37.5 లాంటి, ఇళ్లలో కనబడని వరుసకు మార్పించండి.

రెండో పని లోపల గోడలు కట్టడం. ఇప్పుడు మీ దగ్గర సర్వర్, డీవీఆర్, క్లయింట్ల ఫోన్లు అన్నీ ఒకే గదిలో ఉన్నట్టే. రిటర్ను మీద సంతకానికి వచ్చినాయన ఫోన్‌లో ఏముందో మీకేం తెలుసు? వీల్యాన్ అనే పద్ధతిలో సిబ్బందికి ఒకటి, క్లయింట్ల వైఫైకి ఒకటి, కెమెరాలకు ఒకటి అని విడగొట్టమనండి. కెమెరాల భాగానికి ఇంటర్నెట్ అసలే ఇవ్వొద్దు. దీనికి ఇలా విడగొట్టే సెట్టింగులున్న మేనేజ్‌డ్ స్విచ్ కావాలి, మీ కొటేషన్‌లో అది లేదు. ఉన్న మామూలు స్విచ్‌తో నడిపిద్దామంటే ఒప్పుకోకండి.

ఇక పెట్టె ఎంపిక. ప్రకటన కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండే వేగం చూసి మురిసిపోకండి. ఉదాహరణకు ఫోర్టిగేట్ 40ఎఫ్ అనే పెట్టె చూడండి, ఫైర్‌వాల్ వేగం సెకనుకు 5 గిగాబిట్లు అని ఉంటుంది. వైరస్‌లనూ దాడులనూ వెతికే తనిఖీలన్నీ పెడితే అదే పట్టికలో కింద 600 మెగాబిట్లు. మీ లైన్ 300 మెగాబిట్లే కాబట్టి మీకు చాలు, కానీ ఏ కంపెనీదైనా చూడాల్సింది ఆ రెండో అంకెనే.

పైగా ఆ తనిఖీ ఎంతవరకు పనికొస్తుంది? ఈనాడు వెబ్ రాకపోకల్లో అత్యధిక భాగం గుప్తలిపిలోనే నడుస్తుంది. దాన్ని విప్పి చూడాలంటే ప్రతి కంప్యూటర్‌లోనూ ఫైర్‌వాల్ సర్టిఫికెట్ వేయాలి. బ్యాంకుల సైట్లు, ఆదాయపు పన్ను, జీఎస్‌టీ పోర్టళ్లు మినహాయించాలి, లేకపోతే సెప్టెంబరు గడువు ముందు రోజు డిజిటల్ సంతకం పడక మీ ఆఫీసులో గోల మొదలవుతుంది. అవి తీసేశాక విప్పి చూడటానికి మిగిలేది కొంచెమే. కాబట్టి మీ స్థాయి ఆఫీసుకు అన్ని హంగుల మూడేళ్ల లైసెన్సు అవసరమని నేననుకోను. పెట్టె, దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు కావలసిన సపోర్టు మాత్రమే కలిపి ఇంకో కొటేషన్ అడగండి. ఆ సపోర్టు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఫైర్‌వాల్‌కూ లోపాలుంటాయి. 2020 ఏప్రిల్‌లో దాడిచేసేవాళ్లు సోఫోస్ కంపెనీ ఎక్స్‌జీ ఫైర్‌వాల్ పెట్టెలనే పట్టుకున్నారు. నిర్వహణ పేజీనో యూజర్ పోర్టల్‌నో ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచినవి దొరికిపోయాయి. అందుకే నిర్వహణ పేజీ లోపలి నుంచి మాత్రమే తెరుచుకోవాలని కుర్రవాడి పక్కన నిలబడి చెప్పండి. లైసెన్సు గడువు తీరాక ఏది ఆగిపోతుందో, ఏది నడుస్తుందో అమ్మే ఆయన చేత కాగితం మీద రాయించుకోండి. రాయనంటే అదీ ఒక జవాబే.

లాగ్‌ల సంగతి, అంటే ఎప్పుడు ఏం జరిగిందో యంత్రం రాసుకునే చిట్టాల సంగతి, మీకు మరీ ముఖ్యం. సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం బాడీ కార్పొరేట్లు తమ వ్యవస్థల లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి. బాడీ కార్పొరేట్ అంటే ఐటీ చట్టం 43ఏ సెక్షన్ చెప్పిన అర్థంలో వృత్తి చేసుకునే భాగస్వామ్య సంస్థలూ ఉన్నాయి, ఆ చదువు మీది, మీకే బాగా తెలుసు. చిన్న పెట్టెలు చాలావాటికి లాగ్‌లు దాచుకునే చోటు ఉండదు, కరెంటు పోతే ఉన్నవీ పోతాయి. వాటిని ఇంకో కంప్యూటర్‌కు పంపించి దాచే ఏర్పాటు మొదటి రోజే చేయించండి. పెట్టెనూ రౌటర్‌నూ యూపీఎస్ మీద పెట్టించండి, మే నెల మధ్యాహ్నాల గురించి చెన్నైవాళ్లకు నేను చెప్పాలా?

మీ తమ్ముడి కొడుకు మాట పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. ఉచితంగా దొరికే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లలో ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ రెండూ గట్టివే, వైర్‌గార్డ్, వీల్యాన్‌లు, లాగ్‌లు అన్నీ వాటిలో పైసా లైసెన్సు లేకుండా వస్తాయి. పాత కంప్యూటర్ వద్దు, నాలుగు పోర్టులున్న ఫ్యాన్ లేని చిన్న పెట్టె కొని అందులో వేసుకోవచ్చు. నా సందేహం సాఫ్ట్‌వేర్ మీద కాదు, అబ్బాయి మీద. మూడో సంవత్సరమంటున్నారు. వచ్చే ఏడాది క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి పూణేకో హైదరాబాదుకో వెళ్తే, శనివారం సాయంత్రం వీపీఎన్ ఆగినప్పుడు ఎవరు చూస్తారు? అదే ప్రశ్న రిచీ స్ట్రీట్ ఆయన్నీ అడగండి. నెలకోసారి అప్‌డేట్లు ఎవరు వేస్తారు, ఆ మనిషి రాకకు ఎంత, ఫోన్ చేస్తే ఎప్పటికి వస్తాడు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన వాళ్ల పెట్టె కొనండి. ఇద్దరూ చెప్పగలిగితే నేను ఓపీఎన్‌సెన్స్ వైపు మొగ్గుతాను, మిగిలిన డబ్బుతో స్విచ్, బ్యాకప్‌కు రెండు బయటి డిస్కులు వస్తాయి. బ్యాకప్ అయ్యాక డిస్కు పీకి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచితే, వన్నాక్రై లాంటిది వచ్చిననాడు సర్వర్‌తో పాటు దానికీ తాళం పడుతుంది.

ప్రశ్న: నేను డబ్బింగ్ ఆర్టిస్టును. వలసరవాక్కంలో ఇంట్లోనే చిన్న రికార్డింగ్ గది పెట్టుకున్నాను. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌లోనే ఫైర్‌వాల్ ఉందంటున్నారు. అది చాలదా? విడిగా కొనాలా అక్కా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: చాలు చెల్లీ, కొన్ని మీటలు సరిచూసుకుంటే. ఇంటి రౌటర్ లోపలి నుంచి మొదలైన సంభాషణలకే జవాబులు రానిస్తుంది, బయటివాళ్లు తమంతట తాము మొదలుపెట్టినవి ఆపేస్తుంది. ఒక మైకు, రెండు కంప్యూటర్లున్న ఇంటికి అంతకంటే పెద్ద యంత్రం అవసరం లేదు.

రౌటర్ పేజీలో యూపీఎన్‌పీ అన్నది ఉంటే ఆపేయండి. అది ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండానే రౌటర్‌లో పోర్టు తెరిపించుకోగలదు. తరువాత ఐపీవీ6 ఫైర్‌వాల్ మీట. ఐపీవీ6 అంటే ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి. మన దేశంలో ఇళ్ల కనెక్షన్లకు ఐపీవీ6 ఇప్పుడు మామూలైంది. పాత పద్ధతిలో ఇల్లంతా ఒకే అడ్రసు వెనక దాగేది. ఇందులో ప్రతి పరికరానికీ బయటికి కనిపించే సొంత అడ్రసు ఉంటుంది. కాబట్టి ఆ మీట ఆగి ఉంటే అడ్డేమీ ఉండదు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. డీఎన్‌ఎస్ దగ్గర 9.9.9.9 పెట్టుకుంటే క్వాడ్9 అనే లాభాపేక్ష లేని సంస్థ, మోసపు సైట్లని తెలిసిన పేర్లను తెరుచుకోనివ్వదు. ఖర్చు లేదు.

ప్రశ్న: తాంబరంలో ఉంటాను, బీసీఏ విద్యార్థిని. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఊరికే పడి ఉంది. అందులో పీఎఫ్‌సెన్స్ వేసి ఇంటికి ఫైర్‌వాల్‌గా పెడితే ఎలా ఉంటుంది మేడం?

జవాబు: నేర్చుకోవడానికైతే బ్రహ్మాండం. 2004లో మోనోవాల్ అనే ప్రాజెక్టు నుంచి చీలి పుట్టింది పీఎఫ్‌సెన్స్, దాని నుంచి 2015లో ఓపీఎన్‌సెన్స్ చీలింది. రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తాయి, అందులోని పీఎఫ్ అన్న వడపోత మొదట ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు రాసినది. నియమాలు పైనుంచి కిందికి ఎలా చదువుతుందో, ఒక వరుస జరిపితే ఇంట్లో నెట్ ఎలా పోతుందో మీ చేతులతో చూస్తారు. నాన్నగారు ఆఫీసు మీటింగ్‌లో ఉన్న సమయంలో మాత్రం ప్రయోగాలు వద్దు.

ప్రాసెసర్ 64 బిట్‌ది కావాలి, 2017లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి పీఎఫ్‌సెన్స్ 32 బిట్ వదిలేసింది. రెండు నెట్‌వర్క్ పోర్టులు కావాలి. బోర్డు మీద ఉన్న నెట్‌వర్క్ చిప్ రియల్‌టెక్ కంపెనీది అయితే ఫ్రీబీఎస్‌డీతో ఒక్కోసారి పేచీ పెడుతుంది. రిచీ స్ట్రీట్‌లో సర్వర్ల నుంచి ఊడదీసిన ఇంటెల్ రెండు పోర్టుల నెట్‌వర్క్ కార్డు వెతకండి. ఇంటెల్ పేరుతో నకిలీలూ తిరుగుతున్నాయి, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటానన్న చోటే కొనండి.

ఇరవై నాలుగు గంటలూ నడిపేటట్టయితే కరెంటు లెక్క వేసుకోండి. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తిందనుకుంటే నెలకు 43 యూనిట్లు, రెండు నెలలకు 86. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలల బిల్లులో ఉచితంగా వచ్చేది 100 యూనిట్లు. సుమారు 10 వాట్లతో నడిచే చిన్న పెట్టెకు అదే కాలానికి పద్నాలుగున్నర చాలు. సెలవుల్లో డెస్క్‌టాప్ మీద నేర్చుకోండి, ఇంటికి స్థిరంగా పెట్టేది చిన్నదై ఉండాలి.

ప్రశ్న: గోవిందప్ప నాయకన్ వీధిలో మాది బట్టల హోల్‌సేల్ షాపు. టాలీ రెండో కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదంటే, వచ్చినతను విండోస్ ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి వెళ్లాడు. ఇప్పుడు బాగా నడుస్తోంది. అలాగే వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. షాపులోని కంప్యూటర్లలో ఒకదానికి పెన్‌డ్రైవ్‌తో ఏదైనా అంటుకుంటే మిగతావాటికీ పాకకుండా ఆపేది ఆ ఫైర్‌వాలే. రౌటర్ దగ్గరి ఫైర్‌వాల్‌కు షాపు లోపల జరిగేది కనిపించదు.

మళ్లీ ఆన్ చేసి, విండోస్ సెక్యూరిటీలో ‘ఫైర్‌వాల్ ద్వారా యాప్‌ను అనుమతించు’ అన్న చోట టాలీని చేర్చండి. ప్రైవేట్ అన్న గడిలో మాత్రమే టిక్ పెట్టండి, పబ్లిక్ గడి ఖాళీగా ఉంచండి. షాపు నెట్‌వర్క్ ప్రైవేట్‌గా నమోదై ఉందో లేదో కూడా చూసుకోండి. డేటా ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో ఫైల్ షేరింగ్‌ను కూడా అలాగే అనుమతించాలి. లైసెన్సు దొరకడం లేదని టాలీ అంటే, లైసెన్సు ఉన్న కంప్యూటర్‌లో 9999 పోర్టుకు ఒక నియమం రాయించండి. అతనికే ఫోన్ చేసి పిలవండి, ఈసారి డబ్బులు ఇవ్వక్కర్లేదు.